నువ్వు ఏదైనా కావచ్చు

"ఇంతకీ ఏం చదువుతున్నావమ్మా బ్రిట్టా?"

ఆదివారం ప్రార్థన ముగిశాక చర్చి కింది గదిలో అందరికీ కాఫీ పోస్తుంటే ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేయకుండా ఉండరు. కాఫీ పోసేది ఎప్పుడూ ఆడవాళ్ళమే. చేతిలో బరువైన కెటిలు ఉంటుంది, ఎదుటివాళ్ళ కప్పు సగమే నిండి ఉంటుంది, మధ్యలో వదిలేసి పారిపోవడానికి ఉండదు. "ఇంకా తేల్చుకోలేదండీ" అంటాను కప్పులోకే చూస్తూ. వాళ్ళు అయ్యో పాపం అన్నట్టు తలాడిస్తారు. ఈలోగా పక్క బల్ల దగ్గర్నుంచి మా నాన్న గొంతు వినిపిస్తుంది. "మా అమ్మాయి తేల్చుకోకపోవడంలోనే పట్టా పుచ్చుకుంటోంది లెండి." గదిలో అందరూ నవ్వుతారు. వాళ్ళకంటే ముందు నేను నవ్వుతాను. నా మీద వేసిన జోకుకి నేనే ముందు నవ్వేస్తే తక్కువ గుచ్చుకుంటుందని చిన్నప్పుడెప్పుడో కనిపెట్టాను. అది నిజం కాదని తెలిశాక కూడా అలవాటు పోలేదు.

మా నాన్న డ్వేన్ టాలెఫ్సన్ చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు తేలికయ్యేది. ఆయన చాలా మంచివాడు. నన్ను ఒక్క దెబ్బ వేసి ఎరగడు. నేను నడక నేర్చిన దగ్గర్నుంచి నాతో ఒకటే మాట. "నువ్వు ఏదైనా కావచ్చు తల్లీ." డాక్టరు కావచ్చు, జడ్జి కావచ్చు, విమానం నడపొచ్చు. మా అన్న కోల్‌కి మాత్రం ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. వాణ్ణి ట్రాక్టరు మీద ఒళ్ళో కూర్చోబెట్టుకుని "ఇదంతా నీదేరా" అనేవాడు. పాపం అన్నకి ఈ గుట్ట, ఈ ఆవులే రాశారు, నాకు లోకమంతా రాసిచ్చారు అని ఎంత మురిసిపోయేదాన్నో. ఆ లోకంలో ఎక్కడ కాలు పెట్టాలో కాలేజీలో రెండో ఏడు నడుస్తున్నా తెలియలేదు. నాతోపాటు స్కూల్లో చదివినవాళ్ళందరికీ చెప్పుకోవడానికి ఒక మాట ఉంది. నర్సింగ్ అంటారు, అకౌంట్స్ అంటారు. అడిగినవాళ్ళు తృప్తిగా తలాడించి వెళ్ళిపోతారు. నా దగ్గర ఆ ఒక్క మాట లేదు.

ఇలాంటివాళ్ళ కోసం మా కాలేజీలో ఒక క్లాసు ఉంది. ఏ ఉద్యోగానికి పనికొస్తామో వెతుక్కునే క్లాసు. డిసెంబరు లోపల ఏదో ఒకటి తేల్చి చెప్పకపోతే మూడో ఏడాదికి పేరు రాసుకోరు. మంగళవారం పొద్దున పాలు పితకడం అయ్యాక నేను ఆ క్లాసుకి వెళ్ళాలి. వెళ్ళే ముందు తలకి రెండుసార్లు షాంపూ పెట్టి, మీద నిమ్మరసం పోసుకుంటాను. కొట్టంలో వేసుకున్న బట్టలు పాల గదిలోనే విప్పేసి, వేరే కోటు కారులో పెట్టుకుంటాను. అయినా హీటరు వేసిన క్లాసులో కూర్చున్న కాసేపటికి నా జుట్టులోంచి పేడ, పులిసిన పాతరగడ్డి వాసన మెల్లగా బయల్దేరుతుంది. ఓసారి పక్కనున్న అమ్మాయి ఏమీ అనకుండా లేచి కిటికీ తీసింది. విస్కాన్సిన్‌లో అక్టోబరు చలిలో కిటికీ తీసిందంటే ఆ అమ్మాయి ఎంత భరించిందో నాకు తెలుసు. తల కొట్టేసినట్టయింది. ఆ వాసన మా అమ్మది, మా నాన్నది, నేను తాగిన పాలది అని గుర్తొచ్చి, సిగ్గుపడినందుకు మళ్ళీ సిగ్గేసింది.

మొదటి రోజు ఆ క్లాసు చెప్పే డెనీస్ మేడమ్ కుర్చీలు గుండ్రంగా వేయించి, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏం పని చేస్తారో ఒక్కొక్కరూ చెప్పండి అంది. ఒకడి అమ్మ స్కూలు బస్సు నడుపుతుందట. ఇంకొకరి నాన్న జైల్లో కాపలా ఉద్యోగం. నా వంతు వచ్చింది. "మా నాన్న పాడి రైతు. మా అమ్మ ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆ రోజు తెల్లారకముందే మా అమ్మ ఆర్లిస్ ఒక దూడని మోచేతి దాకా చెయ్యి పెట్టి బయటికి లాగింది. తర్వాత పాలు పితికే మిషన్లు కడిగి, దూడలన్నిటికీ సీసాలు పట్టి, ఇంట్లోకొచ్చి మా అందరికీ గుడ్లు వేయించి, నాన్న చెప్పులకంటిన పేడ వంటింట్లో గచ్చు మీదినుంచి తుడిచి, పశువుల డాక్టరుకి ఫోను చేసి ఏ ఆవుకి ఎన్నాళ్ళనుంచి మేత సయించడం లేదో చూడకుండా చెప్పి, దాణా మిల్లుకి లారీ తోలుకెళ్ళింది. సాయంత్రం మళ్ళీ పాలు. మధ్యలో ఉతుకు, వంట, నాన్న బీపీ మాత్రలు, చర్చికి చేయాల్సిన కేకు. ఎవరైనా అడిగితే తనే అంటుంది, "డ్వేన్‌కి సాయం చేస్తుంటాను" అని. పన్నుల కాగితంలో తన ఉద్యోగం దగ్గర గృహిణి అని రాసేది కూడా తనే. మరి నేను ఇంకేం చెప్పాలి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ డెనీస్ మేడమ్ అప్పటికే పక్కవాళ్ళ వైపు తిరిగిపోయింది. ఎవరికీ వింతగా అనిపించలేదు, అదే నాకు గుచ్చుకుంది.

అక్టోబరులో మేడమ్ మమ్మల్ని ఒక్కొక్కరినీ ఒక్కో చోటికి పంపింది. ఒక రోజంతా పనిచేసేవాళ్ళ పక్కన నిలబడి చూడాలి. చూడాలి తప్ప చెయ్యి పెట్టకూడదు, అదే నియమం. నాకు పళ్ళ ఆసుపత్రి వచ్చింది. అక్కడ పళ్ళు శుభ్రం చేసే రోండా అనే ఆవిడ పక్కన నిలబెట్టారు. తెల్లగా, వెచ్చగా, పుదీనా వాసనతో ఉంది ఆ గది. ఎక్కడ నిలబడినా అడ్డంగానే ఉన్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాను. గోడకి ఆనితే వాసన అంటుతుందేమోనని గోడకీ ఆనలేదు.

మధ్యాహ్నం ఆమ్‌డాల్ అనే ముసలాయన వచ్చాడు. మనిషి బలంగానే ఉన్నాడు కానీ కుర్చీ వెనక్కి వాల్చేసరికి వణికిపోయాడు. మిషను గుయ్‌మనగానే కాళ్ళు తన్నుకున్నాడు. రోండా ఒకటికి రెండుసార్లు నచ్చజెప్పింది, ఆయన భుజాలు బిగుసుకుపోయాయి. ఆ తర్వాత జరిగింది నేను చేశానని చెప్పలేను, నా ఒళ్ళు చేసింది. తొలిసారి పాలు పితికేటప్పుడు పెయ్య బెదిరితే ఏం చేస్తామంటే, పక్కగా వెళ్ళి, అరచెయ్యి బల్లపరుపుగా డొక్క మీద ఆనించి, మన బరువు కొంచెం దాని మీద మోపుతాం. మనం ఎక్కడున్నామో దానికి తెలియాలి. గొంతు తగ్గించి మాట్లాడతాం. మా వైపు ఆవుల్నన్నిటినీ బాస్ అనే పిలుస్తాం. నా అరచెయ్యి వెళ్ళి ఆ పెద్దాయన పక్కటెముకల మీద పడింది. నా నడుము కుర్చీకి ఆనింది. "హో బాస్, హో... ఏం లేదు, నిలబడు, నిలబడు" అన్నాను.

ఆయన నిజంగానే తన్నుకోవడం మానేశాడు. తర్వాత రోండా చేతిలో పనిముట్టు పక్కన పెట్టేసి, మాస్కు లోపల పొట్ట చెక్కలయ్యేలా నవ్వడం మొదలుపెట్టింది. బయట కౌంటరు దగ్గరమ్మాయి ఏమైందని తొంగిచూసింది, ఆ అమ్మాయికి చెప్పింది, డాక్టరుకి చెప్పింది. చెయ్యి ఎందుకు పెట్టావని మాత్రం ఎవరూ అడగలేదు. "ఏ ఊరు ఫారం మీది?" అని అడిగారు, ముక్కు కొంచెం ఎగబీలుస్తూ. సిగ్గుతో చెవులు మండిపోయాయి. నోట్లోంచి దూది తీసేశాక ముసలాయన నా వైపు తిరిగాడు.

"ఎవరి పిల్లవమ్మాయ్?"

"డ్వేన్ టాలెఫ్సన్ గారి కూతుర్నండీ."

"అంటే ఆర్లిస్ కూతురివి. హాల్వర్ నెస్‌హైమ్ మనవరాలివి." ఆయన నోరు పుక్కిలించి ఉమ్మాడు. "మీ తాత దగ్గర పాలు నింపుకుని లారీ తోలేవాణ్ణి నేను. మీ అమ్మ గౌను వేసుకునే వయసులోనే కొట్టమంతా తనే చూసుకునేది. ఆ ఫారం ఆర్లిస్ చేస్తుందనుకున్నాం అందరం."

"ఇప్పుడు మా నాన్న చేస్తున్నారండీ."

"అవునవును, అల్లుడు" అన్నాడాయన, కోటు అందుకుంటూ.

ఆ ఫారం అమ్మ పుట్టినిల్లని నాకు తెలియకేం. తాత ఫొటో హాల్లోనే ఉంది. కాగితాల మీద అమ్మ పేరూ నాన్న పేరూ రెండూ ఉన్నాయనీ తెలుసు. కానీ రోడ్డు మీద బోర్డు టాలెఫ్సన్ డెయిరీ అని ఉంటుంది, పాల కంపెనీవాళ్ళు డ్వేన్ ఉన్నాడా అని అడుగుతారు, మేం కూడా నాన్న ఫారం అంటాం. ఎప్పుడూ కళ్ళముందే ఉండే సంగతి కాబట్టి దాన్ని చూడనవసరం లేకపోయింది.

ఇంటికొస్తూ కారు రోడ్డు పక్కన ఆపుకుని ఏడ్చాను. నవ్వారని ఏడ్చాననే అనుకున్నాను ముందు. కాదు. ఆ రోజు మొత్తంలో నాకు ఏం చేయాలో తెలిసిన క్షణం అదొక్కటే. ఆ ముసలాయన ఊపిరి నా చేతి కింద నెమ్మదించినప్పుడు నాకు కలిగిన సంతోషం ఉందే, దానికే నాకు ఎక్కువ సిగ్గేసింది. కాలేజీకి పంపారు, లోకమంతా నీదేనన్నారు. ఈ పిల్ల చివరికి తేల్చుకున్నదేమిటయ్యా అంటే ఆవు డొక్క.

రాత్రి భోజనాల దగ్గర ఎవరో చెప్పేలోగా నేనే ఆ సంగతి జోకుగా చెప్పాను. కోల్ బల్ల మీద కొట్టి నవ్వాడు. "డాక్టర్ బాస్, నా పన్ను కూడా చూడవే" అన్నాడు నోరు తెరిచి. నాన్నకి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి నవ్వి నవ్వి. "చూశావా ఆర్లిస్, దాన్ని పట్నం పంపినా కొట్టం దాని వెనకాలే వెళ్ళింది." అమ్మ ఆలుగడ్డల గిన్నె అందిస్తూ, "ఆయన తన్నడం మానేశాడా?" అని మాత్రం అడిగింది. మానేశాడన్నాను. అమ్మ తలూపింది.

నవ్వులయ్యాక నాన్న చెయ్యి తుడుచుకుని, లాయరుతో మాట్లాడానని చెప్పాడు. నవంబరు ఆఖర్న జింకల వేట వారం అయిపోయిన మరుసటి సోమవారం అందరం వెళ్ళి ఫారం కోల్ పేర రాసేయాలి. బోర్డు కూడా మార్పిస్తాడట, టాలెఫ్సన్ అండ్ సన్ అని. కోల్ పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయాడు. వాడు పొద్దున పాల వేళకి లేచిన రోజులు తక్కువ. ఇంజన్లంటే వాడికి ప్రాణం, ఆవులంటే విసుగు. ఈ సంగతి ఆ బల్ల చుట్టూ కూర్చున్న అందరికీ తెలుసు.

"మరి నేను?" అన్నాను. అంత చిన్నగా అన్నాను కాబట్టి అది వేరే ప్రశ్నలా వినపడినట్టుంది.

"నీకేమే తల్లీ" అన్నాడు నాన్న ప్రేమగా. "నువ్వు ఏదైనా కావచ్చు. వాడికే పాపం, ఇది తప్ప దారి లేదు."

ఏదైనా. డాక్టరు, జడ్జి, విమానం. చిన్నప్పట్నుంచి చదివి వినిపించిన ఆ వరసలో ఇది ఒక్కటి మాత్రం లేదని ఆ రాత్రి పక్క మీద పడుకున్నాక అర్థమైంది. నేను రెండేళ్ళు వెతికింది నాకు కావలసింది ఏమిటో తెలియక కాదు. తెలిసి, దాన్ని నాలో నేను కూడా పైకి అనలేక వెతికాను. అనడానికి ఏ మొహం పెట్టుకోవాలి? అన్న నోటి దగ్గర కూడు లాక్కున్నట్టుంటుంది. నాన్న పడ్డ కష్టమంతా పేడలో పోసినట్టుంటుంది. చర్చిలో వాళ్ళు, అన్నేళ్ళు చదివి మళ్ళీ కొట్టానికే వచ్చిందా అంటారు. క్లాసులో కిటికీ తీసిన ఆ అమ్మాయి ఏమనుకుంటుందో అని కూడా ఆలోచించాను, ఆ అమ్మాయి పేరైనా నాకు తెలియదు. పైగా ఆశ. ఆడపిల్ల ఫలానాది చదువుకుంటానంటే ఆశయం అంటారు, ఫలానా ఆస్తి నాకు కావాలంటే దురాశ అంటారు.

నవంబరు మొదట్లో డెనీస్ మేడమ్ తన గదికి పిలిచింది. "కళ్ళు మూసుకో బ్రిట్టా. కొన్నేళ్ళ తర్వాత ఒక పొద్దున. నువ్వు పనికి వెళ్తున్నావు. ఏం కనిపిస్తోంది?" అంది. నాకు కొట్టం కనిపించింది. లైటు స్విచ్చి మీద నా చెయ్యి, ఆవుల ఊపిరి ఆవిరి, అవి ఒక్కొక్కటే లేస్తున్న చప్పుడు. పాల లారీ అతను లోపలికి వచ్చి నా పేరు పెట్టి పిలుస్తున్నాడు. కళ్ళు తెరిచాను. "పళ్ళ ఆసుపత్రిలో ఉన్నానండీ" అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. నిజంగా నా కోసం సంతోషించింది పాపం. ఆ ఆదివారం చర్చిలో నాన్న "మా పళ్ళ డాక్టరమ్మ" అని నన్ను పదిమందికీ చూపించాడు. అడిగినవాళ్ళందరూ తృప్తిగా తలాడించారు. నాకు చెప్పుకోవడానికి మాట దొరికింది, అది అబద్ధం. కాఫీ పోస్తూ ఒకరి తెల్ల చొక్కా మీద ఒలకబోశాను. ఇంటికొచ్చాక అమ్మ మాత్రం, "ఆ మందుల వాసన నీకు పడుతుందా?" అని అడిగింది.

థ్యాంక్స్‌గివింగ్ పండగ వారమంటే మాకు జింకల వేట వారం. మగవాళ్ళందరూ నారింజ రంగు కోట్లు తగిలించుకుని అడవిలో గుడిసెలకి పోతారు. స్కూలు మేష్టర్లూ పోతారు, పాస్టరూ పోతాడు. ఆవులకి ఆ సంగతి తెలియదు కాబట్టి వాటికి పొదుగులు నిండుతూనే ఉంటాయి. ఆ వారం జిల్లాలో ప్రతి కొట్టం ఆడవాళ్ళ చేతుల మీదే నడుస్తుంది. నాన్న వెళ్ళిన మర్నాడు అడవి నుంచి ఫోను చేసి, "అంతా బాగానే ఉందా, ఏం పని లేదుగా?" అని అడిగాడు. అమ్మ "ఏం లేదు" అంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని, కడుపులో అడ్డం తిరిగిన దూడ కాళ్ళకి గొలుసు కడుతూ అంది ఆ మాట. నేను దీపం పట్టుకుని పక్కన ఉన్నాను.

బుధవారం సాయంత్రం పాలయ్యాక ఇద్దరం పాల గదిలో బకెట్లు కడుగుతున్నాం. ఎవరూ లేని ఆ నాలుగు రోజుల్లో అమ్మ నడకే మారిపోయింది. గొంతు పైకి లేచింది. రెండు ఆవుల దాణా మార్చేసింది, ఎవర్నీ అడగలేదు. వేడినీళ్ళ ఆవిరిలో ఆవిడ మొహం ఎర్రగా ఉంది.

"ఆ పళ్ళ పని నీకు నిజంగా ఇష్టమా?" అంది.

"చెడ్డ పనేం కాదు కదమ్మా."

"నేనడిగింది అది కాదు."

కడిగిన బకెట్టే మళ్ళీ కడిగాను. "నాకు ఇది కావాలమ్మా" అన్నాను చివరికి.

"ఇదంటే?"

"ఇదే. ఈ కొట్టం, ఈ ఆవులు, ఈ చలి. అంతా."

"చెప్పడానికి సిగ్గేస్తోందా?"

"చచ్చేంత."

"నాకూ వేసింది." అమ్మ కుళాయి కట్టేసింది. "పెళ్ళికి ముందు రోజు మా నాన్న నన్ను ఇదిగో ఈ గదిలోనే అడిగాడు. ఆర్లిస్, ఫారం నీ చేతిలో పెట్టనా, డ్వేన్ చేతిలో పెట్టనా అని. నా మనసంతా కావాలనే ఉంది. కానీ ఆడపిల్ల అలా చెయ్యి చాచి కావాలంటే ఏం బాగుంటుంది అనిపించింది. డ్వేన్ చిన్నబోతాడేమో అనిపించింది. డ్వేన్‌కే ఇవ్వండి నాన్నా, నేను సాయం చేస్తాను అన్నాను. ఆయన ఇద్దరి పేర్లూ రాయించాడు. నేనన్న మాటే మాత్రం నిలబడింది. అప్పట్నుంచీ సాయమే చేస్తున్నాను."

"నాన్నకి తెలుసా ఇది?"

"నేను చెప్పలేదు. ఆయన అడగలేదు." అమ్మ ఎప్రను విప్పి కొక్కేనికి తగిలించింది. "నువ్వు నాలాగా నోరు మూసుకోకు."

ఆ మాట ఒళ్ళంతా పాకింది. అడగాలి, అంతే కదా. అమ్మ అడగలేకపోయింది, నేను అడుగుతాను. ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ గొంతు వణకకుండా చూసుకోవాలో అన్నీ అనుకుంటూ పడుకున్నాను. అమ్మ చెప్పినదాంట్లోంచి నాకు పనికొచ్చేదే తీసుకున్నానని అప్పుడు తట్టలేదు.

మర్నాడు పండగ, మధ్యాహ్నానికి నాన్నా, కోల్ అడవి నుంచి వచ్చారు. కోట్లు వంటింటి తలుపుకి తగిలించి, ఆకలి ఆకలి అంటూ కూర్చున్నారు. అమ్మ కాల్చిన టర్కీ కోడిని కోసి పెట్టింది. ముందు రోజు రాత్రి ఒత్తిన ఆలుగడ్డ రొట్టెలకి వెన్న రాసి, చక్కెర చల్లి చుట్టి పెట్టింది. తినే ముందు ఒక్కొక్కరూ ఈ ఏడాది దేనికి కృతజ్ఞతలు చెప్పుకుంటారో చెప్పడం మా ఇంట్లో రివాజు. కోల్ జింక దొరికినందుకు అన్నాడు. నాన్న గ్లాసు ఎత్తి, "కొడుకు ఫారంలో స్థిరపడుతున్నాడు, కూతురు పేడ వాసన లేని ఉద్యోగంలో స్థిరపడుతోంది. ఇంతకంటే ఏం కావాలి" అన్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి ఆయనకి. అమ్మ గ్రేవీ కోసం మళ్ళీ పొయ్యి దగ్గరికి లేచింది. అమ్మ వంతు వచ్చేసరికి ప్రతి ఏడూ ఏదో ఒకటి పొయ్యి మీద ఉంటుంది.

"నాన్నా, నేను పళ్ళ పని చదవను" అన్నాను. "నాకు ఫారం కావాలి."

కోల్ నమలడం ఆపాడు. నాన్న ముందు నవ్వాడు, డాక్టర్ బాస్ జోకు అనుకున్నట్టున్నాడు. నా మొహం చూసి నవ్వు తీసేశాడు. "ఏమిటే ఇది? నిన్ను ఈ పేడలోంచి బయట పడేయడానికే కదా నేనిన్నాళ్ళూ ఒళ్ళు వంచింది."

"బయట పడేయమని నేనడగలేదు నాన్నా."

"అన్న పొట్ట కొడతావా?"

"దానికే ఇచ్చెయ్ నాన్నా" అన్నాడు కోల్, మెల్లగా. "పొద్దున్నే లేవడం నా వల్ల కాదని నీకూ తెలుసు. డీజిల్ ఇంజన్ల కోర్సుకి వెళ్దామనుకుంటున్నాను. చెప్పలేక ఊరుకున్నాను."

"నువ్వు నోర్ముయ్. ఎవరికి ఇవ్వాలో నాకు తెలుసు. ఇచ్చేది నేను."

"అయితే చెప్పు" అన్నాను. "నాకిస్తావా, ఇవ్వవా?"

అమ్మ గ్రేవీ గిన్నె తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది. పొయ్యి మీద ఏదో పొంగుతున్న చప్పుడు వినిపించింది, ఆవిడ అటు తిరగలేదు.

"ఎవరిని అడుగుతున్నావు బ్రిట్టా?"

"నాన్నని" అన్నాను.

అన్నాక గానీ నాకు వినపడలేదు. నిన్న పాల గదిలో అంతా చెప్పింది. తాత ఏమడిగాడో చెప్పింది, తనకి ఎంత కావాలనిపించిందో చెప్పింది. అదంతా విని, మర్నాడు ఆవిడ చేసిన వంట ముందు కూర్చుని, ఆవిడ ఫారం ఇమ్మని నేను ఇంకొకర్ని అడిగాను. ఆ ఏడాదంతా వాసనకి సిగ్గుపడ్డాను, నవ్వులకి సిగ్గుపడ్డాను, ఎవరో ఏదో అనుకుంటారని సిగ్గుపడ్డాను. అవన్నీ ఎదుటివాళ్ళ కళ్ళలోంచి వచ్చిన సిగ్గులు. ఇది నాది. తల ఎత్తలేకపోయాను.

"అమ్మా..." అన్నాను.

"అడుగు."

"నాకు ఫారం ఇస్తావా?"

"ఇవ్వను" అంది అమ్మ. కోపంగా అనలేదు. గ్రేవీ గరిటె తీసుకుని, మొదట తన పళ్ళెంలో వడ్డించుకుంది. "పని నేర్చుకుంటానంటే జీతమిచ్చి పెట్టుకుంటాను. సాయానికైతే రావద్దు." తర్వాత నాన్న వైపు తిరిగింది. "సోమవారం లాయరు దగ్గరికి నేను రావడం లేదు డ్వేన్. ఆ రోజు మా నాన్నకి తప్పు చెప్పాను. నాకు కావాలి."